సెల్ కల్చర్‌లో డిప్రెషన్, దాని మందులు: తరచుగా అడిగే ప్రశ్నలు

‘కణాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది’ అనే మాట ఆరోగ్య వార్తల్లో తరచూ కనిపిస్తుంది. డిప్రెషన్ మందుల విషయంలో ఆ మాట వెనక సెల్ కల్చర్‌లో, అంటే కణాల్ని శరీరం బయట ల్యాబు డిష్‌లో పెంచే పనిలో, నిజంగా ఏం జరుగుతుందో తెలుసుకోవాలనుకునే రోగులు, వాళ్ల ఇంట్లోవాళ్లు, లైఫ్ సైన్సెస్ విద్యార్థుల కోసం ఈ పేజీ. మందు మార్చాలా వద్దా అన్నది మాత్రం ఇక్కడ తేలదు. అది మీ సైకియాట్రిస్టుతో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.

డిష్‌లో పెరిగే కణాలకు డిప్రెషన్ వస్తుందా?

రాదు. దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, బతకాలనిపించకపోవడం ఇవన్నీ మనిషికి కలిగేవి. ఆ మనిషి ఇల్లు, అప్పులు, అనుబంధాలు, గతం అన్నీ అందులో కలిసి ఉంటాయి. ప్లాస్టిక్ ప్లేటు అడుగున అంటుకుని పెరిగే కణాలకు ఇవేవీ లేవు. ‘డిప్రెషన్ కణాలు’ అని ఎవరైనా రాస్తే, డిప్రెషన్ ఉన్న మనిషి నుంచి తీసిన కణాలనే అర్థం చేసుకోండి.

అయితే మందు పనిచేసేది కణం మీదే. మింగిన మాత్ర రక్తంలో కలిసి, మెదడుకి చేరి, అక్కడ ఏదో ఒక ప్రొటీన్‌కి అతుక్కుంటుంది. ఏ ప్రొటీన్‌కి? ఎంత గట్టిగా? అతుక్కున్న గంటకి కణంలో ఏం మారింది, మూడో రోజుకి ఏం మారింది? ఒకరి కణాలు ఒకలా, ఇంకొకరివి ఇంకోలా ఎందుకు స్పందించాయి? ఈ ప్రశ్నలు డిష్‌లో అడగొచ్చు. బతికున్న మనిషి మెదడులోంచి ముక్క తీసి రోజూ చూడలేం కదా.

ఎలుకల మీద చేస్తున్నారుగా, మళ్లీ ఇవెందుకు?

ఎలుకల మీద ఎక్కువగా చేసేది 1977లో వచ్చిన ఫోర్స్‌డ్ స్విమ్ టెస్ట్. ఎలుకని నీళ్లలో వదిలి అది ఎంతసేపు కొట్టుకుంది, ఎప్పుడు కదలకుండా తేలింది అని చూస్తారు. కదలకపోవడాన్ని నిరాశగా లెక్కించడం సబబేనా అని ఆ రంగంలో ఉన్నవాళ్లే అడుగుతున్నారు. పైగా మనిషికి వారాలు పట్టే మందు ఇక్కడ ఒకటి రెండు డోసులకే ‘పనిచేస్తుంది’. మెదడులోని వలయాలను, ప్రవర్తనను చూడాలంటే జంతువు తప్పదు. మానవ జన్యువులున్న కణం ఎలా స్పందిస్తుందో చూడాలంటే మాత్రం మానవ కణమే కావాలి.

ఈ మందులు అసలు కణాల మీద పరీక్షించే కనిపెట్టారా?

లేదు. మొదటివి రెండూ రోగుల్ని చూస్తూ ఉండగా దొరికినవే. 1952లో న్యూయార్క్ నగరంలోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు ఇప్రోనయాజిడ్ ఇస్తే, వాళ్ల హుషారు చూసి డాక్టర్లు ఆశ్చర్యపోయారు. స్విట్జర్లాండ్‌లోని మున్‌స్టర్‌లింగెన్‌లో రోలాండ్ కూన్ అనే సైకియాట్రిస్టు ఇమిప్రమీన్ గురించి 1957లో ప్రకటించాడు. ఆయన దాన్ని మొదట వేరే జబ్బుకి పనికొస్తుందేమోనని వాడి చూశాడు. ఈ మందులు మెదడులో ఏం చేస్తున్నాయో వెతుకుతూ పోతే సెరొటోనిన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే మెదడు సంకేత రసాయనాలు తగ్గితే డిప్రెషన్ వస్తుందనే సిద్ధాంతం వచ్చింది.

ఫ్లుయోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు కథ వేరు. 1970ల్లో ఎలుక మెదడులోంచి వేరుచేసిన నాడీకణాల కొసల్లో సెరొటోనిన్ తిరిగి లోపలికి పోకుండా ఏ పదార్థం ఆపుతుందో కొలిచి, దాన్ని ఎంచుకున్నారు. 1987 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది.

పరిశోధనల్లో ఏయే కణాలు వాడతారు?

ప్రశ్నని బట్టి. మందు ఏ ప్రొటీన్‌కి అతుక్కుంటుందో చూడాలంటే హెచ్ఈకే-293 కణాలు చాలు. 1973లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో మానవ పిండం మూత్రపిండ కణాల నుంచి తయారైన లైన్ (ల్యాబులో తరతరాలుగా పెంచుకుంటూ పోయే కణాల వంశం) ఇది. ఇది మెదడులోంచి తీసిన కణం కాదు, కానీ ఏ జన్యువు పెడితే ఆ ప్రొటీన్‌ని దండిగా తయారుచేసి ఇస్తుంది. నార్‌ట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు పండు ఈగ డోపమీన్ ట్రాన్స్‌పోర్టర్‌లో (డోపమీన్ అనే సంకేత రసాయనాన్ని తిరిగి కణంలోకి లాక్కునే ప్రొటీన్‌లో) ఎక్కడ ఎలా కూర్చుంటుందో 2013లో బొమ్మకట్టి చూపిన పరిశోధనకి కావలసిన ప్రొటీన్ కూడా ఈ రకం కణాల్లోనే తయారైంది. అమెరికాలోని ఓరెగాన్‌లో జరిగిన ఆ పరిశోధన తొలి రచయిత అరవింద్ పెన్మత్స తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో తన ల్యాబు పెట్టుకున్నారు.

ఎస్‌హెచ్-ఎస్‌వై5వై అనేది న్యూరోబ్లాస్టోమా అనే నాడీకణాల క్యాన్సర్ ఉన్న నాలుగేళ్ల పాప ఎముక మజ్జలోంచి వచ్చిన లైన్. పెంచడం తేలిక, ఖర్చు తక్కువ, అందుకే మన యూనివర్సిటీ ల్యాబుల్లో కూడా కనిపిస్తుంది. కానీ అది క్యాన్సర్ కణం. ఆగకుండా విభజన చెందుతుంది, నిజమైన న్యూరాన్ విభజన చెందదు. ‘మందు వల్ల కణాల సంఖ్య పెరిగింది’ అని ఈ లైన్ మీద తేలితే నేను పెద్దగా పట్టించుకోను.

పుట్టబోయే ఎలుక పిల్లల మెదడులోంచి తీసే ప్రైమరీ న్యూరాన్లు అసలైన సినాప్స్‌లు (న్యూరాన్ నుంచి న్యూరాన్‌కి సంకేతం దాటే సంధులు) పెట్టుకుంటాయి. సి6 అనేది ఎలుక మెదడులో న్యూరాన్లకు తోడుగా ఉండే గ్లయల్ కణాల కణితి నుంచి వచ్చిన లైన్, దాని గురించి కింద ఒక మంచి ఉదాహరణ ఉంది. మనుషుల రక్తంలోని బి-లింఫోసైట్లనే తెల్ల కణాలను ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో చిరకాలం పెరిగేలా మార్చి కూడా వాడతారు. ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్ బృందం 2011లో అలాంటి కణాల మీదే పారోక్సెటిన్ అనే డిప్రెషన్ మందు ప్రభావాన్ని పోల్చి, మందు ఎక్కువగా తగిలే కణాలకూ తక్కువగా తగిలే కణాలకూ మధ్య సీహెచ్ఎల్-1 అనే జన్యువు స్థాయిలో తేడా చూసింది. ఇవన్నీ ఒకెత్తు, రోగి నుంచే తయారుచేసే న్యూరాన్లు ఒకెత్తు.

చర్మం ముక్క నుంచి మెదడు కణం ఎలా వస్తుంది?

2006లో షిన్యా యమనాక ఎలుక చర్మ కణాల్లో నాలుగు జన్యువులు ప్రవేశపెట్టి వాటిని ఏ రకం కణంగానైనా మారగల మూలకణాల స్థితికి తిరిగి తెచ్చాడు. 2007లో మానవ కణాలతో చేసి చూపించాడు. 2012లో జాన్ గర్డన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఈ కణాలనే ఐపీఎస్ కణాలు అంటారు.

పని మాత్రం ఓపికతో కూడుకున్నది. చేతి నుంచి చిన్న చర్మం ముక్కో, కాస్త రక్తమో తీసుకుంటారు. కణాలు పెరిగాక జన్యువులు ఎక్కిస్తారు. కొన్ని వారాలకి గుండ్రంగా, అంచులు స్పష్టంగా ఉండే కాలనీలు వస్తాయి. వాటిని ఏరి, విడివిడిగా పెంచి, క్రోమోజోములు సరిగా ఉన్నాయో లేదో చూస్తారు. ఆ తర్వాత ఏ రోజు ఏ గ్రోత్ ఫ్యాక్టర్ ఎంత వేయాలో ఒక టైమ్‌టేబుల్ ఉంటుంది, దాని ప్రకారం న్యూరాన్లుగా నడిపిస్తారు. ఇంక్యుబేటర్లో 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్. రెండు మూడు రోజులకోసారి మీడియా (కణాలు పెరిగే పోషక ద్రవం) మార్చాలి, పండగైనా ఆదివారమైనా. మీడియాలో ఫినాల్ రెడ్ అనే రంగు పదార్థం ఉంటుంది కాబట్టి ఆమ్లత పెరిగితే ఎరుపు రంగు పసుపులోకి తిరుగుతుంది. హుడ్ (సూక్ష్మక్రిములు చేరకుండా కణాలతో పనిచేసే శుభ్రమైన గాలి పెట్టె) తెరవకముందే ఫ్లాస్కు రంగు చూసి ‘ఇవాళ మార్చాల్సిందే’ అనుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అలవాటు. ముక్క తీసిన రోజు నుంచి కొలవడానికి పనికొచ్చే న్యూరాన్ చేతికొచ్చేసరికి నెలలు పడుతుంది.

మాత్ర వేసిన కొన్ని గంటలకే సెరొటోనిన్ పెరిగితే, మనిషి తేరుకోవడానికి వారాలెందుకు?

ఈ రంగంలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదేనని నా నమ్మకం. సెల్ కల్చర్ నిజంగా వెలుగు చూపింది కూడా ఇక్కడే. మూడు దారులు చెబుతాను.

మొదటిది షికాగోలో మార్క్ రాసెనిక్ బృందం చూపినది. కణం పొరలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉండే చిన్న చిన్న మడుగులుంటాయి, వాటిని లిపిడ్ రాఫ్టులంటారు. జీఎస్-ఆల్ఫా అనే సంకేత ప్రొటీన్ వాటిలో చిక్కుకుంటే పని తగ్గుతుంది. సి6 కణాలకు డిప్రెషన్ మందు ఇస్తే, మందు మెల్లగా ఆ రాఫ్టుల్లో పేరుకుని, దాదాపు మూడు రోజులకి ఈ ప్రొటీన్‌ని బయటికి వదిలిస్తుంది. అప్పుడు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. విశేషం ఏమిటంటే సి6 కణాల్లో సెరొటోనిన్ ట్రాన్స్‌పోర్టరే లేదు! అంటే మందుకి మనం చెప్పుకునే ప్రసిద్ధ లక్ష్యం లేని కణంలో కూడా మందు పనిచేసింది. ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందుకి ఇది సాధ్యమైంది, దాని అద్దంలో బొమ్మ లాంటి ఆర్-సిటలోప్రామ్‌కి సాధ్యం కాలేదు. గంటల్లోనే మనిషి మీద పనిచేసే కెటమీన్ అదే కణాల్లో 15 నిమిషాల్లో ఆ పని చేసింది. మూడు రోజులకూ 15 నిమిషాలకూ ఉన్న ఈ తేడా వైద్యంలో కనిపించే తేడానే గుర్తుచేస్తుంది. చవకైన, పాతకాలపు ఎలుక కణితి లైన్‌తో ఇంత శుభ్రమైన ప్రయోగం చేయడం నాకు చాలా ఇష్టమైన విషయం.

రెండోది లండన్‌లోని కింగ్స్ కాలేజీలో. క్రిస్టోఫ్ అనాకర్, కార్మైన్ పారియాంటే తదితరులు 2011లో మానవ హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు ముఖ్యమైన మెదడు భాగం) మూలకణాల లైన్‌కి సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మందు ఇచ్చారు. కొత్త న్యూరాన్లు పెరిగాయి. కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు అతుక్కునే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్‌ని మిఫెప్రిస్టోన్‌తో అడ్డుకుంటే ఆ పెరుగుదల ఆగిపోయింది. ఒత్తిడి హార్మోన్ తలుపు నుంచే మందు కూడా లోపలికి వెళ్తోందన్నమాట. పెద్దవాళ్ల మెదడులో కొత్త న్యూరాన్లు పుడతాయా అన్న దానిమీదే 2018లో రెండు బృందాలు పూర్తిగా వ్యతిరేకమైన ఫలితాలు ప్రకటించాయి. కాబట్టి డిష్‌లో చూసింది యాభై ఏళ్ల మనిషి తలలో కూడా జరుగుతోందని అనుకోవడానికి ఇంకా దూరం ఉంది.

మూడోది హెల్సింకీలో ఈరో కాస్ట్రెన్ బృందం 2021లో ప్రకటించినది. ఫ్లుయోక్సెటిన్, ఇమిప్రమీన్, కెటమీన్ రసాయనికంగా ఒకదానికొకటి పోలికే లేనివి. ఈ మూడూ నేరుగా టీఆర్‌కే-బి అనే రిసెప్టర్‌కి అతుక్కుంటాయని వాళ్లు చూపారు. న్యూరాన్ల ఎదుగుదలకు తోడ్పడే బీడీఎన్ఎఫ్ అనే పదార్థం అతుక్కునేది కూడా ఈ రిసెప్టర్‌కే. ఆ అతుకు బలహీనం. మెదడులో మందు తగినంత పేరుకుంటే తప్ప కుదరదు, ఆలస్యానికి ఇదీ ఒక కారణం కావచ్చని వాళ్ల వాదన.

ఈ మూడింటిలో ఒకటే నిజమై మిగతావి తప్పు కావాలని లేదు. మెదడులో సెరొటోనిన్ తక్కువైతే డిప్రెషన్ వస్తుందన్న సులువైన కథ మాత్రం వీటి ముందు నిలవదు.

ఒకరికి పనిచేసిన మందు నాకు పనిచేయలేదు. కారణం నా కణాల్లో కనిపిస్తుందా?

కొంతవరకు కనిపించవచ్చు. అమెరికాలో జరిగిన స్టార్-డి అనే పెద్ద అధ్యయనంలో మొదటి మందుగా సిటలోప్రామ్ తీసుకున్నవారిలో పూర్తిగా తేరుకున్నది సుమారు మూడో వంతు మందే. కాబట్టి మొదటి మందు పనిచేయకపోతే అది మీ లోపం కాదు, మీరు ఒంటరి కూడా కాదు.

2019లో కాలిఫోర్నియాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో కృష్ణ వదోదరియా, రస్టీ గేజ్ బృందం ఒక తెలివైన పని చేసింది. మేయో క్లినిక్‌లో ఎస్ఎస్ఆర్ఐ (సెరొటోనిన్ తిరిగి కణంలోకి పోకుండా ఆపే రకం) మందు తీసుకున్న 800 మందికి పైగా రోగుల్లోంచి, చాలా బాగా తేరుకున్నవారిని, అస్సలు తేరుకోనివారిని ఎంచుకుని, వాళ్ల చర్మ కణాల నుంచి ఐపీఎస్ కణాలు, వాటి నుంచి న్యూరాన్లు తయారుచేసింది. సెరొటోనిన్ తగిలించగానే, తేరుకోనివారి న్యూరాన్లలో చాలావరకు విపరీతంగా స్పందించాయి. 5-హెచ్‌టీ2ఏ, 5-హెచ్‌టీ7 అనే రిసెప్టర్లను అడ్డుకుంటే ఆ ఉద్రేకం తగ్గింది. ఇంకో పేపరులో అదే బృందం సెరొటోనిన్ తయారుచేసే న్యూరాన్లను చూసింది. సెరొటోనిన్ విడుదలలో గానీ, తిరిగి పీల్చుకోవడంలో గానీ తేడా లేదు. కానీ తేరుకోనివారి న్యూరాన్ల కొమ్మలు పొడుగ్గా పెరిగాయి. ప్రోటోకెడ్‌హెరిన్ జన్యువులు రెండు తక్కువగా పనిచేస్తున్నాయని తేలింది.

ఎంత ఆశ కలిగించే ఫలితమో, అంత జాగ్రత్తగా పట్టుకోవాలి. ఒక్కో గుంపులో ఉన్నది ముగ్గురేసి మనుషులు. వేల కణాలు కొలిచారు నిజమే, కానీ ముగ్గురు మనుషులు ముగ్గురే.

ఐపీఎస్ చేసేటప్పుడు మనిషి జీవితంలో పడ్డ దెబ్బలన్నీ చెరిగిపోవా?

చాలావరకు చెరిగిపోతాయి. చిన్నతనంలో ఎదుర్కొన్న హింస, ఏళ్ల తరబడి పడ్డ ఒత్తిడి జన్యువుల మీద రసాయన గుర్తులు వదులుతాయి. కణాన్ని మళ్లీ మూలకణంగా మార్చేటప్పుడు వయసు గుర్తులతో పాటు అవీ తుడిచిపెట్టుకుపోతాయి. అందుకని ఐపీఎస్ న్యూరాన్‌లో కనిపించే తేడా ప్రధానంగా పుట్టుకతో వచ్చినది. చర్మ కణాన్ని మధ్యలో మూలకణం చేయకుండా నేరుగా న్యూరాన్‌గా మార్చే పద్ధతి కూడా ఉంది. అలా చేస్తే వయసు గుర్తులు మిగులుతాయని 2015లో సాల్క్ వాళ్లే చూపారు. కానీ ఆ న్యూరాన్లు సంఖ్యలో పరిమితం, మళ్లీ పెంచుకోలేం.

డిష్‌లో ‘ఒత్తిడి’ ఎలా తెస్తారు?

కార్టిసాల్ గానీ, దానిలాగే పనిచేసే డెక్సామెథసోన్ అనే మందు గానీ కలుపుతారు. లేదా ఇన్‌ఫ్లమేషన్ అణువులు వేస్తారు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటా ఇస్తే మానవ హిప్పోకాంపస్ మూలకణాల నుంచి న్యూరాన్లు తగ్గుతాయని కింగ్స్ కాలేజీ బృందమే 2012లో చూపింది.

ఇక్కడ తరచూ జారిపడే చోటు ఒకటి ఉంది. న్యూరాన్లు పెంచడానికి దాదాపు అందరూ వాడే బీ-27 సప్లిమెంటులో కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోన్ ముందే ఉంటుంది. అంటే పోలిక కోసం పెట్టే ‘ఒత్తిడి లేని’ కంట్రోల్ ప్లేటు కూడా హార్మోన్‌లోనే నానుతోంది. ఆవు పిండం సీరం వాడితే అందులో సెరొటోనిన్ ఉంటుంది, ఎందుకంటే రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు దాన్ని వదులుతాయి. సెరొటోనిన్ ప్రయోగం చేస్తూ ఈ సంగతి మరిచిపోతే నెలల శ్రమ వృథా. డయాలసిస్ చేసిన సీరమో, బొగ్గుతో శుద్ధి చేసినదో వాడాలి. పేపరులో ‘మెథడ్స్’ భాగం తెరిచి ముందుగా మీడియా ఏమిటో చూడండి.

పత్రికలో ‘కణాల మీద రుజువైంది’ అని వస్తే ఎలా చదవాలి?

ముందు డోసు చూడండి. రోజుకు 40 మిల్లీగ్రాముల ఫ్లుయోక్సెటిన్ నెల రోజులు తీసుకున్నవారి రక్తంలో మందు సుమారు 0.3 నుంచి 1 మైక్రోమోలార్ (గాఢతకి కొలమానం) ఉంటుంది. అందులో దాదాపు 94 శాతం ప్రొటీన్లకు అతుక్కుని ఉంటుంది, స్వేచ్ఛగా తిరిగేది కొంచెమే. మెదడులో రక్తం కంటే ఎక్కువే పేరుకుంటుంది, అది వేరే లెక్క. చాలా పేపర్లలో సీరం లేని మీడియాలో 10 మైక్రోమోలార్ పోస్తారు, అక్కడ మందంతా స్వేచ్ఛగానే ఉంటుంది. ఇంకా పెంచితే కణాలు చచ్చిపోతాయి. ఆ స్థాయిలో క్యాన్సర్ కణాలు చచ్చాయని ‘డిప్రెషన్ మందు క్యాన్సర్‌ని చంపుతుంది’ అని శీర్షిక పెడితే, చదివినవాళ్లకి అన్యాయం చేసినట్టే.

ఫ్లుయోక్సెటిన్, సెర్ట్రలీన్ లాంటివి రసాయనికంగా ఒకే కోవకి చెందినవి. డిష్‌లో డోసు పెరిగితే కణం లైసోజోముల్లో (కణంలో చెత్తని అరిగించే సంచుల్లో) కొవ్వు పేరుకునేలా చేస్తాయి. ఈ కోవకి చెందిన రకరకాల మందులు ల్యాబులో కరోనా వైరస్‌ని అడ్డుకున్నట్టు కనిపించడానికి చాలా సందర్భాల్లో ఇదే కారణమని 2021లో వివరంగా చూపారు.

తర్వాత చూడవలసింది ఎన్ని రోజులు ఇచ్చారన్నది. వారాల మందుని ఒక్క గంట ఇచ్చి తేల్చేస్తే దాని విలువ తక్కువ. ఇక చివరికి, ఎంతమంది మనుషుల కణాలు అన్నది.

బ్రెయిన్ ఆర్గనాయిడ్లు ఇంకా మెరుగు కదా?

2013లో వియన్నాలో మొదలైన ఈ త్రీడీ కణ ముద్దల్లో మెదడు పొరల్లాంటివి ఏర్పడతాయి. పిండం మెదడు ఎదుగుదలకి మంచి నమూనా. రక్తనాళాలు ఉండవు కాబట్టి లోపలి కణాలు చచ్చిపోతాయి, పరిణతి కూడా పిండం దశ దాటి పెద్దగా ముందుకు పోదు. నలభై ఏళ్ల వయసులో వచ్చిన డిప్రెషన్‌ని వాటిలో వెతకడం ప్రస్తుతానికి తొందరపాటే.

రక్తం ఇస్తే నాకు సరిపడే మందేదో కణాల్లో చూసి చెప్పగలరా?

ఇప్పటికి అలా చెప్పించుకుని మందు ఎంచుకునే దశ రాలేదు. ఖర్చు, నెలల సమయం ఒక అడ్డంకి. పెద్ద సంఖ్యలో రోగుల మీద ముందుగా అంచనా వేసి, తర్వాత సరిచూసిన రుజువు లేకపోవడం అంతకన్నా పెద్ద అడ్డంకి. సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 జన్యు పరీక్షలు వేరు. లివర్ మందుని ఎంత వేగంగా కరిగిస్తుందో అవి చెబుతాయి, డోసు నిర్ణయంలో కొందరికి పనికొస్తాయి. వాటిని ‘మీ మెదడుకి సరిపడే మందు’ పరీక్షలని అమ్మితే నమ్మకండి.

మన దేశంలో ఇలాంటి పని జరుగుతోందా?

జరుగుతోంది. బెంగళూరులో నిమ్హాన్స్ (మానసిక ఆరోగ్య సంస్థ), ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థలు) కలిసి తీవ్ర మానసిక రుగ్మతలు ఒకరికి మించి ఉన్న కుటుంబాల నుంచి ఐపీఎస్ కణాలు తయారుచేసే కార్యక్రమం నడిపాయి. బైపోలార్ డిజార్డర్, స్కిజోఫ్రీనియా, ఓసీడీ, మద్యం అలవాటు, అల్జీమర్స్ అందులో ఉన్నాయి. ఒకే ఇంట్లో జబ్బు ఉన్న అన్నని, లేని తమ్ముడిని పక్కపక్కన పోల్చగలగడం దీని బలం. ఇంతవరకు ఈ రకం కణాల్లో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ వాళ్లవే. మన జనం జన్యు వైవిధ్యం ఆ ప్లేట్లలో లేకపోతే, అక్కడ తేలింది మనకీ వర్తిస్తుందని ఊహించుకోవాల్సి వస్తుంది.

ఇదంతా చదివాక నా మందు మీద అనుమానం వస్తోంది. ఆపేయనా?

దయచేసి ఆపకండి. మందు కణంలో ఏ దారిన పనిచేస్తుందన్నది ఒక చర్చ, అది మనుషులకి మేలు చేస్తుందా అన్నది వేరే. రెండోది క్లినికల్ ట్రయల్స్‌లో తేలుతుంది. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, షాక్ కొట్టినట్టనిపించడం, ఆందోళన, నిద్రలేమి రావచ్చు. జబ్బు తిరగబెట్టవచ్చు. ఆపాలనుకుంటే డాక్టరుతో చెప్పి మెల్లగా తగ్గించుకోవాలి.

బతకాలని లేదనే ఆలోచన మీకు గానీ, మీ ఇంట్లో ఎవరికి గానీ వస్తుంటే వాయిదా వేయకండి. టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తున్న కేంద్ర ప్రభుత్వ సేవ, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడొచ్చు.

నేను బయోటెక్నాలజీ చదువుతున్నాను. ఈ పనిలోకి రావాలంటే ఏం నేర్చుకోవాలి?

హుడ్ కింద చెయ్యి శుభ్రంగా ఆడటం ముందు. యాంటీబయాటిక్ మీద ఆధారపడకుండా కణాల్ని పెంచడం అలవాటు చేసుకోండి. మైకోప్లాస్మా మైక్రోస్కోపులో కనిపించదు, మీడియాని కలుషితంగా చూపించదు, కణం ప్రవర్తనని మాత్రం మార్చేస్తుంది. నెలకోసారైనా పీసీఆర్ చేయించండి. లైన్ ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్నో పాసేజీలో ఉందో (ఎన్నిసార్లు కొత్త ఫ్లాస్కులోకి మార్చారో) ఫ్రీజ్ చేసేటప్పుడే వయల్ మీద రాయండి. ఒకరి కణాలు మరొకరి పేరుతో ఏళ్ల తరబడి నడిచిన ఉదంతాలు చాలా ఉన్నాయి.

స్టాటిస్టిక్స్‌ని వెనక్కి నెట్టకండి. ఒకే రోగి కణాల్ని తొంభై ఆరు గుంతల ప్లేటులో నింపి ఎన్ (నమూనాల సంఖ్య) సమానం తొంభై ఆరు అని రాసే పేపర్లు ఇప్పటికీ వస్తున్నాయి. అక్కడ ఎన్ సమానం ఒకటి. మీ గ్రాఫులో ప్రతి చుక్క ఎవరిదో తెలిసేలా, దాతకొక రంగు వేసి గీయండి. మీ గైడ్ అడగకపోయినా సరే.